గరజున్న సృష్టికర్తలు

మనిషిని ఎవరు చేశారన్న ప్రశ్నకంటే ఎందుకు చేశారన్న ప్రశ్న కఠినమైనది. మొదటిదానికి ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవచ్చు. రెండవదానికి చేసినవాడి మనసు విప్పి చూపవలసి వస్తుంది. అర్ధశతాబ్దానికి పైగా పాశ్చాత్య దేశాలలో తయారవుతున్న ఒక తరహా చలనచిత్రాలు మొదటి ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పి, రెండవదాని వద్ద మౌనం వహించడం మేము గమనించాము. వాటి ప్రకారం మానవజాతిని వేరే లోకాల జీవులెవరో తయారుచేశారు, లేదా తీర్చిదిద్దారు. ఎందుకు చేశారని అడిగేసరికి మాత్రం కథ తెగిపోతుంది, లేదా మరో చిక్కులోకి జారుకుంటుంది.

మదరసాలో పాఠాలు చెప్పుకునేవారికి ఈ సినిమాలతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. మన ఇళ్లలోని యువకులు వీటిని చూస్తున్నారు. చూసి ఊరుకోవడం లేదు, ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచనలే మగ్రిబ్ తర్వాతి పాఠాలలో ప్రశ్నలై మా ముందుకు వస్తున్నాయి. వినని వాదానికి జవాబు చెప్పడం మన పెద్దల పద్ధతి కాదు. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) తత్వవేత్తలను 'తహాఫుతుల్ ఫలాసిఫా'లో ఖండించడానికి ముందు, వారి సిద్ధాంతాలను 'మఖాసిదుల్ ఫలాసిఫా' అనే గ్రంథంలో సవివరంగా, నిష్పాక్షికంగా వివరించారు. ఆ మర్యాదను మనసులో ఉంచుకొని, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, అతని ల్యాప్‌టాప్‌లో ఇటువంటి చిత్రాలు నాలుగింటిని చూశాము. జుగుప్స కలిగించే దృశ్యాలు వచ్చినప్పుడు అతడే వాటిని దాటించి ముందుకు జరిపాడు.

వీటిలో పాతది 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. లక్షల సంవత్సరాల క్రితం, ఎండిన నేలమీద ఆకలితో అలమటిస్తున్న వానరమానవుల గుంపు ముందు ఒక తెల్లవారుజామున నల్లని రాతిపలక ఒకటి నిలిచి ఉంటుంది. దానిని తాకిన తర్వాత వారిలో ఒకరికి ఎముకను ఆయుధంగా వాడవచ్చునన్న ఆలోచన పుడుతుంది. ఆ ఎముకతో మొదట జంతువును, తర్వాత తోటివాణ్ణి చంపుతాడు. ఆ పలకను ఎవరు నిలిపారు? చిత్రం ముగిసేవరకు వారు కనబడరు, మాట్లాడరు. వారి ఉద్దేశం ఏమిటో ప్రేక్షకులే ఊహించుకోవాలని దర్శకుడు వదిలివేశాడు. అదే సంవత్సరం ఆర్థర్ సి. క్లార్క్ రాసిన నవల మాత్రం కొంచెం తెర తొలగించింది. విశ్వంలో బుద్ధికి మించిన విలువైన వస్తువేదీ వారికి కనిపించలేదట. అందుకని రైతులు విత్తనం చల్లినట్లు బుద్ధిని చల్లుతూ వెళ్లారట. రైతు విత్తుతాడు, కోస్తాడు, కలుపు కూడా తీస్తాడు. మనం పంటలో ఉన్నామో కలుపులో ఉన్నామో ఎవరు చెప్పాలి?

రెండవది 2000లో బ్రయాన్ డి పాల్మా తీసిన 'మిషన్ టు మార్స్'. 1976లో వైకింగ్ 1 అనే అంతరిక్షనౌక అంగారక గ్రహం మీద సైడోనియా ప్రాంతంలో తీసిన చిత్రంలో ఒక కొండ మనిషి ముఖంలా కనిపించింది. ఆ ముఖం చుట్టూ అల్లిన కథ ఇది. తమ గ్రహం నాశనమైనప్పుడు అక్కడి జీవులు దూరతీరాలకు తరలిపోతూ, తమ జీవబీజాన్ని భూమికి పంపారనీ, మనమంతా ఆ బీజం నుంచే వచ్చామనీ చిత్రం చెబుతుంది. ఈ నాలుగింటిలో కాస్త దయగల సృష్టికర్తలు వీరే. అయినా వారు కోరినది ఏమిటి? వంశం నిలవాలని. తర్వాతి కాలంలో మరో నౌక మరింత స్పష్టంగా తీసిన చిత్రాలలో ఆ ముఖం మామూలు కొండగానే తేలింది. నీడల వల్ల కళ్లు, నోరు ఉన్నట్లు తోచింది, అంతే.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది 2012లో రిడ్లీ స్కాట్ తీసిన 'ప్రొమీథియస్'. తెల్లని దేహం గల ఒక మహాకాయుడు జలపాతం అంచున నిలిచి నల్లని ద్రవం తాగడంతో చిత్రం మొదలవుతుంది. అతని శరీరం ముక్కలై నీటిలో కలిసిపోతుంది. ఆ నీటిలో అతని జీవకణాల నుంచి కొత్త జీవం పుడుతుంది. వీరిని చిత్రంలో 'ఇంజినీర్లు' అంటారు. 2089లో ఎలిజబెత్ షా అనే శాస్త్రవేత్తకు, ఆమె సహచరుడు హాలోవేకు స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపంలో ఒక గుహాచిత్రం కనబడుతుంది. వేర్వేరు ప్రాచీన నాగరికతలు వదిలిన చిత్రాలన్నీ ఆకాశంలో ఒకే చోటును చూపుతున్నాయని వారు నమ్ముతారు. తమను చేసినవారిని కలిసి, ఎందుకు చేశారని అడగాలని బయలుదేరుతారు.

గమ్యం చేరాక తెలిసేది భయంకరంగా ఉంటుంది. ఆ ఇంజినీర్లు ప్రాణాంతకమైన సరకును నౌకలో నింపుకొని, భూమిమీది మనుషులను తుడిచిపెట్టడానికి సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం సిద్ధమయ్యారు. ఆ సరకే తిరగబడి వారిలో చాలామందిని చంపింది. మిగిలిన ఒక్కణ్ణి నిద్ర లేపితే, అతడు ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పకుండా, అడిగినవారిని చంపడం మొదలుపెడతాడు. చేసినవారే ఎందుకు చంపదలచారు? మనసు ఎందుకు మార్చుకున్నారు? షా ఆ ప్రశ్నను మోసుకొని వారి స్వస్థలానికి బయలుదేరడంతో చిత్రం ముగుస్తుంది.

"రెండో భాగంలో చెబుతారేమో మామూ" అన్నాడు మా మేనల్లుడు. 2017లో వచ్చిన 'ఏలియన్: కవెనెంట్' కూడా చూశాము. షా చనిపోయి ఉంటుంది. ఆమెతో వెళ్లిన డేవిడ్ అనే యంత్రమానవుడు ఇంజినీర్ల నగరంమీద ఆ విషాన్నే కురిపించి వారిని నాశనం చేసి ఉంటాడు. జవాబు చెప్పవలసినవారే మిగలలేదు. ప్రశ్న అలాగే నిలిచిపోయింది.

ఈ చిత్రాలు పెద్ద సృష్టికర్తల ఉద్దేశాన్ని చెప్పలేకపోయినా, చిన్న సృష్టికర్త ఉద్దేశాన్ని బాగా చూపించాయి. డేవిడ్‌ను తయారుచేసినవాడు వేలండ్ అనే ధనికుడు. అతడు నౌక వెంట వచ్చింది జ్ఞానం కోసం కాదు, తనను చేసినవారి నుంచి మరికొంత ఆయుష్షు సంపాదించడం కోసం. డేవిడ్ తనకు కొడుకు వంటివాడని అందరి ముందూ చెబుతాడు. తాను కన్న కూతురు అదే నౌకలో ఉన్నా ఆమెను కూతురని చెప్పడు. ఒకచోట డేవిడ్ హాలోవేను, మీరు నన్ను ఎందుకు చేశారని అడుగుతాడు. చేయగలిగాము కాబట్టి చేశామని అతడు తేలికగా అంటాడు. మిమ్మల్ని చేసినవారి నోట మీరు ఇదే మాట వింటే ఎంత నిరాశ కలుగుతుందో ఊహించారా అని ఆ యంత్రం అడుగుతుంది. రెండవ చిత్రం ప్రారంభంలో, అప్పుడే కళ్లు తెరిచిన డేవిడ్ వేలండ్‌తో, మీరు నన్ను చేశారు, మరి మిమ్మల్ని ఎవరు చేశారు అని అడుగుతాడు. మీరు మరణిస్తారు, నేను మరణించను అని కూడా అంటాడు. వేలండ్ ముఖం మారిపోతుంది. అతడు జవాబు చెప్పడు. టీ తెచ్చి ఇమ్మని పురమాయిస్తాడు.

ఇవి కేవలం సినిమా ఊహలని తోసివేయవద్దు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నందుకు 1962లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్‌తో కలిసి 1973లో ఒక శాస్త్రవ్యాసం ప్రచురించారు. ఏదో ప్రాచీన నాగరికత సూక్ష్మజీవులను నౌకలో పెట్టి కావాలనే భూమికి పంపి ఉండవచ్చునా అన్నది ఆ వ్యాసంలోని చర్చ. పంపినవారి ఉద్దేశాల విషయంలో వారు కూడా ఊహలతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతేకాదు, అది నిజమని తేలినా ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరుగుతుందే తప్ప తీరదు. ఆ పంపినవారిని చేసినవారెవరు?

ఇతర లోకాలలో జీవులు ఉండడం మన విశ్వాసానికి అడ్డంకి కాదు. భూమ్యాకాశాలలో ప్రాణులను వ్యాపింపజేయడం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా షూరా తెలుపుతోంది. ప్రతి నమాజులో మనం ఆయనను సకల లోకాల ప్రభువు అనే పిలుస్తున్నాము. అటువంటి జీవులు ఎక్కడైనా ఉంటే వారు కూడా మనలాగే సృష్టించబడినవారు. వారు మనకంటే బలవంతులు కావచ్చు, జ్ఞానులు కావచ్చు. అయినా, మనం వారిని అడిగే ప్రశ్ననే వారు కూడా ఇంకొకరిని అడగవలసినవారే.

ఇక అసలు విషయానికి వస్తాము. అఖాయిద్ పాఠాలలో ఒక చర్చ వస్తుంది. అల్లాహ్ కార్యాలకు 'గరజ్' ఉన్నదని చెప్పవచ్చునా? ఆ మాట మనకు కొత్త కాదు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఖుద్‌గరజ్ అంటే స్వార్థపరుడు. తెలుగులోనూ గరజు అంటే అవసరం. ఉద్దేశం లేని పని వ్యర్థకార్యం అవుతుంది కనుక, దాసుల మేలు అనే ఉద్దేశం ఉన్నదని చెప్పాలని ముతజిలా పండితులు వాదించారు. అష్అరీ పండితులు దానిని అంగీకరించలేదు. ఏదో పొందడానికి పని చేసేవాడు, ఆ పని చేయకముందు ఆ మేరకు కొరత ఉన్నవాడే కదా అన్నారు. ఆయన కార్యాలన్నీ వివేకంతో, హిక్మత్‌తో నిండినవనీ, ఆ వివేకం అవసరం కాదనీ మాతురీదీ పండితులు చెప్పారు. శతాబ్దాల నాటి ఈ చర్చను విద్యార్థిదశలో వల్లె వేసినప్పుడు మాకు అది సన్నని దారం చీల్చినట్లు తోచేది. ఈ చిత్రాలు చూసిన తర్వాత దాని బరువు తెలిసింది.

ఎందుకంటే ఆ నాలుగు చిత్రాలలోని సృష్టికర్తలందరూ గరజు ఉన్నవారే. ఒకరికి పంట కావాలి. మరొకరికి వంశం కావాలి. వేలండ్‌కు చావు భయం. హాలోవే మాటలో కనబడేది తమ సామర్థ్యంపై గర్వం. గరజు తీరినా, తీరదని తెలిసినా, చేసిన వస్తువు మీద మనసు విరగడం సహజం. అందుకే అక్కడ సృష్టి పక్కనే ద్వేషం పొంచి ఉంటుంది. మనసు మార్చుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ముందు తెలియనిది తర్వాత తెలిసినప్పుడే ఎవరైనా మనసు మార్చుకుంటారు. దివ్య ఖుర్ఆన్‌లో ఆదం (అలైహిస్సలాం) సృష్టి వృత్తాంతం గుర్తుచేసుకోండి. ఈ మానవుడు భూమిమీద కల్లోలం రేపుతాడు, రక్తం చిందిస్తాడు అన్న సందేహాన్ని దైవదూతలు సృష్టికి ముందే విన్నవించారు. అడిగినందుకు వారిని కసరలేదు. వారికి తెలియనిది తనకు తెలుసునని సెలవిచ్చాడు. మన రక్తపాతం ఆయనకు ఆలస్యంగా తెలిసి, చేసినందుకు చింతించవలసిన విషయం కాదు.

మా మేనల్లుడు ఇంతటితో వదలలేదు. "మామూ, జిన్నులను, మానవులను ఆరాధన కోసమే సృష్టించానని ఆయనే అన్నాడు కదా. ఆరాధన కావాలనుకోవడం గరజు కాదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. సూరా జారియాత్‌లో ఆ వాక్యం వెంటనే, వారి నుంచి నాకు ఉపాధి అక్కరలేదు, వారు నాకు అన్నం పెట్టనక్కరలేదు అన్న భావం వస్తుందని చూపించాము. పిల్లవాడి చేయి పట్టి అలిఫ్ దిద్దించే ఉస్తాద్‌కు ఆ అలిఫ్‌తో అవసరం లేదు. అవసరం దిద్దేవాడిది. కాస్సేపు ఆలోచించి అతడు అన్నాడు: "అందుకేనేమో మామూ, వాళ్లు అటువంటి సృష్టికర్తను చూపించలేకపోయారు. ఏ అవసరమూ లేనివాడితో సినిమా కథ నడవదు." ఆ మాటకు మేము చేర్చవలసినది ఏమీ లేకపోయింది. కథకు పాత్రలు కావాలి, పాత్రలకు కొరత కావాలి. కొరత ఉన్నవాణ్ణి సృష్టికర్త పీఠంమీద కూర్చోబెట్టడంతోనే ఆ చిక్కుముడి పడింది.

అయితే ఈ ప్రశ్న అందరికీ తర్కం నుంచే పుట్టదు. మా హిఫ్జ్ తరగతిలో పదహారేళ్ల విద్యార్థి ఒకడున్నాడు. తండ్రి గల్ఫ్‌కు వెళ్లి మూడేళ్లుగా ఫోను చేయడం లేదు. డబ్బు పంపడం అంతకు ముందే ఆగింది. తల్లి కుట్టుమిషను మీద ఇల్లు నడుపుతోంది. ఒకరోజు అసర్ తర్వాత ఆ అబ్బాయి ప్రొమీథియస్ కథ ఎత్తి, "హజ్రత్, చేసినవాళ్లే వద్దనుకున్నారు కదా, మనం ఏం తప్పు చేశాం?" అని అడిగాడు. ఆ సినిమాలోని మనుషులను గురించి అందరూ 'వాళ్లు' అంటారు. ఇతడు 'మనం' అన్నాడు. ఆ చిత్రంలో షాకు కూడా తండ్రి చిన్నప్పుడే ఎబోలాతో పోతాడు. ఆమె అంత దూరం వెతుక్కుంటూ వెళ్లడంలో ఆ లోటు కూడా ఉండవచ్చు.

అతనికి మేము అఖాయిద్ చర్చ చెప్పలేదు. సూరా జుహా చదవమన్నాము. తడుముకోకుండా చదివాడు. అర్థం తెలుసా అని అడిగితే తెలియదన్నాడు. ఆ సూరా అవతరించిన సందర్భం వివరించాము. కొంతకాలం వహీ ఆగిపోయినప్పుడు, నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టాడని శత్రువులు దైవప్రవక్త (స)ను దెప్పిపొడిచారు. విడిచిపెట్టలేదని, కోపగించుకోనూ లేదని ఆ సూరా ఓదార్చింది. పుట్టకముందే తండ్రిని కోల్పోయిన ఆయనకు ఆశ్రయం ఇచ్చిన సంగతి గుర్తుచేసింది. అనాథను అణచవద్దని ఆదేశించింది. అబ్బాయి చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. "ఏడేళ్లప్పుడే కంఠస్థం చేశాను" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మరి అబ్బా?" అని అడిగాడు.

మీ అబ్బా నీకు సృష్టికర్త కాడు బేటా, నీలాగే ఆయన కూడా ఒక దాసుడు అని చెప్పాము. ఆయన ఎందుకు మౌనంగా ఉన్నాడో మాకు తెలియదు. కష్టం కావచ్చు, సిగ్గు కావచ్చు, తప్పే కావచ్చు. దానికి ఆయన లెక్క చెప్పుకోవాలి. కానీ ఆ మౌనం నీ విలువను నిర్ణయించదు. ఇంతకంటే మేము చెప్పగలిగినది లేదు. అతని బాధ ఆ సాయంత్రంతో తీరిందని కూడా అనలేము. మరునాడు పాఠానికి వచ్చి, చిన్న సూరాలన్నింటికీ అర్థం చెప్పమన్నాడు. రోజుకొకటి చొప్పున చెబుతున్నాము.

ఇందులో తల్లిదండ్రులమైన మనకు ఒక హెచ్చరిక ఉంది. మనం బిడ్డలకు సృష్టికర్తలం కాము. అయినా ఒక్కోసారి వేలండ్ భాష మన నోటి నుంచి వెలువడుతుంది. ముసలితనంలో చూస్తావని కన్నాము, మా పేరు నిలబెడతావని చదివించాము, నీమీద ఇంత ఖర్చుపెట్టాము అంటాము. బిడ్డ ఆ మాటలు విని, తాను ఏ గరజు కోసం తయారయ్యాడో లెక్క కట్టుకుంటాడు. మార్కులు తగ్గిననాడు, ఉద్యోగం దొరకనినాడు, తన అవసరం తీరిపోయిందనుకుంటాడు. తల్లిదండ్రుల సేవ బిడ్డకు విధి, అందులో సందేహం లేదు. కానీ ఆ సేవ కోసమే అతడు పుట్టాడన్న భావన మనం కలిగించకూడదు. వాణ్ణి పుట్టించినవాడికి వాడితో ఏ గరజూ లేదు. ఆ ఊరట బిడ్డకు ముందుగా మన మాటలలో, మన నడవడిలో తెలియాలి.

కాబట్టి పాఠక సోదర సోదరీమణులారా, సినిమా చూసి వచ్చిన అబ్బాయో అమ్మాయో, మనల్ని ఎందుకు చేశారు అని అడిగితే చిరాకుపడకండి. సినిమాను తిట్టి ఆ ప్రశ్నను కూడా దానితోపాటు పారవేయకండి. దైవదూతలు అడిగిన ప్రశ్న అది. తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలిసినవారిని అడిగి చెబుతామనండి. ఆ అడగడం వెనుక వేరే బాధ ఏదైనా ఉన్నదేమో ముఖంలోకి చూడండి. టీ తెమ్మని మాత్రం పంపకండి.